తలనీలాలు: అర్పణము, అలంకారము

శ్రీ వేంకటేశాయ నమః



ఈనాటి ప్రసంగానికి కేశములను విషయముగా స్వీకరించినాను. ఇది ప్రవచనమునకు తగిన విషయమేనా అని కొందరికి సందేహం కలుగవచ్చు. వేదవేదాంతములు చెప్పవలసిన వేదికపై వెంట్రుకల మాట ఏమిటి అని మీరు అనుకొనవచ్చు. కాని ఇటీవల నన్ను కలిసే భక్తులు, ముఖ్యముగా తల్లులు, ఆడపిల్లలు అడిగే ప్రశ్నలలో అనేకం ఈ విషయమును గురించే ఉంటున్నవి. "తెల్లవెంట్రుకలకు గోరింటాకు పెట్టుకొనవచ్చునా?", "రంగు వేసిన జుట్టును స్వామికి ఇవ్వవచ్చునా?", "మా అమ్మాయి తన జడను రోగులకు దానం చేస్తానంటున్నది, అంతకుముందే మేము ఆమె తలనీలాలు ఏడుకొండలవానికి మొక్కుకొన్నాము, ఇప్పుడు ఏమి చేయాలి?" అని అడుగుతున్నారు. అడిగేవారి కళ్ళలో భయం కనపడుతున్నది. భక్తి ఉండవలసిన చోట భయం ఉన్నప్పుడు శాస్త్రం తెలిసినవారు మౌనముగా ఉండరాదు. కనుక నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

వేదములో కేశములు

కేశములను మన వేదం చిన్నచూపు చూడలేదు. ఋగ్వేదం ఎనిమిదవ మండలములో అపాల అనే ఋషికన్య కథ ఉన్నది. ఆమె అత్రి మహర్షి కుమార్తె అని సంప్రదాయం. ఆమె ఇంద్రునికి సోమరసం సమర్పించి మూడు వరములు కోరినది. ఆ మూడింటిలో ఒకటి ఏమిటో తెలుసునా? తన తండ్రి బట్టతలపై జుట్టు మొలవాలని! రెండవది తండ్రిగారి పొలం పండాలని. మూడవది తన శరీరమును గురించినది. పైరు లేని పొలమునూ జుట్టు లేని తలనూ ఆ అమ్మాయి ఒకే ప్రార్థనలో చేర్చినది. తండ్రి మనస్సులోని చిన్న వెలితిని కనిపెట్టి దేవతలను అడిగిన కూతురి ప్రేమ అది. వేదం ఆ ప్రేమను మంత్రముగా నిలిపినది.

అథర్వవేదం ఆరవ కాండలో కేశవర్ధని అనే మూలికను గురించిన మంత్రములు ఉన్నవి. జమదగ్ని మహర్షి తన కుమార్తె కోసం ఆ మూలికను త్రవ్వి తెచ్చినాడని అక్కడ చెప్పబడినది. పరశురాముని తండ్రి, మహా కోపిష్ఠి అని లోకం అనుకొనే జమదగ్ని, బిడ్డ జుట్టు పెరగడం కోసం గునపం పట్టి వేరు త్రవ్వినాడు. కనుక కూతురు తలకు నూనె పెట్టి, చిక్కు తీసి, జడ వేసే తల్లిదండ్రులు తాము అల్పమైన పని చేస్తున్నామని అనుకొనరాదు. మహర్షులు నడచిన త్రోవే అది.

ఇక సంస్కారముల సంగతి. షోడశ సంస్కారములలో చౌలం ఒకటి. మన ఆంధ్రదేశములో చాలామందికి సూత్రకర్త అయిన ఆపస్తంబుడు దానిని మూడవ ఏట చేయమన్నాడు. మనువు మొదటి ఏడైనా కావచ్చునన్నాడు. ఆ కర్మలో పఠించే మంత్రములలో సాక్షాత్తు సవితృదేవుడే కత్తి తీసికొని రావాలనీ, వాయువు గోరువెచ్చని నీటితో రావాలనీ ప్రార్థన ఉన్నది. ఆ క్షణములో శిశువు తల ముట్టే నాయీబ్రాహ్మణుని చేతిలో వేదం సూర్యుని చూచినది. ఆ వృత్తివారిని తక్కువగా చూచేవారు ఈ మంత్రార్థమును ఒక్కసారి తలచుకొనాలి.

ఆశ్రమమును బట్టి కేశవేషం

జుట్టు తీరు మార్చుకొనడం ఈ కాలపు వింత అని పెద్దలు కొందరు విసుక్కుంటారు. నిజానికి మన ధర్మములో కేశవేషం ఎన్నడూ ఒక్కటే కాదు. బ్రహ్మచారి విషయములో మనువు మూడు పద్ధతులు అంగీకరించినాడు. తల పూర్తిగా గొరిగించుకొని ఉండవచ్చు, జడలు కట్టి ఉండవచ్చు, శిఖ మాత్రమే ఉంచుకొనవచ్చు. ఒక్క ఆశ్రమమునకే మూడు తీరులు! వానప్రస్థునికి జటలు, సన్న్యాసికి ముండనం, గృహస్థునికి చక్కగా దువ్వి తీర్చిన జుట్టు. తండ్రి గతించినప్పుడు కొడుకు తల గొరిగించుకుంటాడు. ప్రతి మార్పు వెనుక జీవితములో ఒక మలుపు ఉన్నది. బయటి మార్పు లోపలి మార్పునకు సాక్షి.

శ్రీరామచంద్రుని చూడండి. శృంగిబేరపురములో గంగ ఒడ్డున గుహునిచేత మర్రిపాలు తెప్పించి, తాను జటలు కట్టుకొని లక్ష్మణునికి కూడా కట్టినాడు. పట్టాభిషేకమునకు అభ్యంగనం చేసికొనవలసిన తల అది! ఆ పనిని ఆయన ఎవరో బలవంతం చేస్తే చేయలేదు. తండ్రిమాట నిలపడానికి తన చేతులతో తానే చేసికొన్నాడు. పదునాలుగేండ్ల తరువాత నందిగ్రామమునకు తిరిగి వచ్చినప్పుడు శత్రుఘ్నుడు నేర్పరులైన క్షురకులను పిలిపించినాడు. అప్పుడు కూడా రాముడు ముందు కూర్చొనలేదు. భరతుడు, లక్ష్మణుడు, సుగ్రీవుడు, విభీషణుడు స్నానం చేసిన తరువాతనే తన జటలు తీయించుకొన్నాడు. తనకోసం జటలు ధరించిన తమ్ముని జట ముందుగా విడివడాలి, ఆ పిమ్మటనే తనది. తల దువ్వుకొనడములో కూడా ధర్మం ఉంటుందని వాల్మీకి మహర్షి మనకు చూపించినాడు.

అశోకవనములో సీతమ్మ ఏకవేణీధర. అలంకారం లేని ఒంటిజడ ఆమె పాతివ్రత్యమునకు పతాక. అదే అమ్మవారు తలపై ధరించే చూడామణిని హనుమంతునికి ఆనవాలుగా ఇచ్చినది. జటలు కట్టిన రాముడు అక్కడ, ఒంటిజడ సీత ఇక్కడ. ఆ దంపతుల వియోగమును లోకమునకు వారి కేశములే చెప్పినవి.

లాగుకొన్నది, ఇచ్చినది

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వస్తున్నాను. శ్రద్ధగా వినండి.

కేశములు గౌరవమునకు స్థానం. కనుకనే వాటిని బలవంతముగా తీసివేయడమును మన శాస్త్రములు మరణముతో సమానముగా చెప్పినవి. భాగవతం దశమస్కంధములో రుక్మిణీకల్యాణ ఘట్టం మీకందరికీ తెలిసినదే. వెంటబడి వచ్చిన రుక్మిని శ్రీకృష్ణుడు ఓడించి, చంపబోయి, రుక్మిణీదేవి కాళ్ళపై బడి వేడుకొనగా విడిచి, వాని తలను, మీసమును అక్కడక్కడ గొరిగి పంపబోయినాడు. అప్పుడు బలరాముడు వచ్చి ఏమన్నాడు? బంధువునకు ఇట్టి వికారం చేయడం వానిని చంపడమే అని తమ్ముని మందలించినాడు. సాక్షాత్తు భగవంతుని కూడా అన్నగారు తప్పుపట్టిన సందర్భం అది. రుక్మి ఆ అవమానముతో కుండిననగరమునకు తిరిగి వెళ్ళలేక భోజకటములో ఉండిపోయినాడు.

ఉపపాండవులను నిద్రలో చంపిన అశ్వత్థామకు కూడా అర్జునుడు ప్రాణం తీయక, శిరోమణిని కేశములతో సహా ఖండించి వెడలగొట్టినాడు. అదే వధకు సమానమైన శిక్ష అని భాగవతం నిర్ణయించినది.

ఇక ద్రౌపదీదేవి. దుశ్శాసనుడు పట్టి ఈడ్చిన ఆ కురులు ఎట్టివి? రాజసూయ యాగాంతములో అవభృథస్నాన సమయమున మంత్రపూతమైన జలముతో తడిసిన కురులు. తరువాత సంధి ప్రస్తావన వచ్చినప్పుడు ఆమె ఆ కురులనే ఎడమచేత పట్టుకొని కృష్ణునికి చూపినది. ఒక స్త్రీ కేశములపై పడిన చేయి ఒక వంశమునకే వినాశనం తెచ్చినది.

ఈ మూడు కథలను ఎందుకు చెప్పినాను? తల గొరగడం అనే పని ఒక్కటే. కాని బలవంతముగా చేస్తే అది వధ, స్వయముగా ఇస్తే అది అర్పణం. ఈ భేదం మరచిపోతే ధర్మం పేరుతో అధర్మం జరుగుతుంది. జరిగినది కూడా. భర్త గతించిన స్త్రీలకు, అందులో అభం శుభం తెలియని బాలికలకు కూడా, మన ఇండ్లలో తల గొరిగించి మూల కూర్చొనబెట్టిన కాలం ఉన్నది. ఆ తల్లుల కన్నీరు మంగలికత్తిపై పడినది. వేదం చదివిన ఇండ్లలోనే అది ఎక్కువగా జరిగినదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు పండితులు ఆయనను వెలివేయ జూచినారు. ఈనాడు ఆలోచిస్తే బలరాముడు రుక్మి పక్షమున అన్న మాట ఆ తల్లుల పక్షమున అనేవారు ఆనాడు చాలినంతమంది లేకపోయినారని తోస్తున్నది. బలహీనులను అవమానించడానికి గుండు గొరిగించే దుర్మార్గములు నేటికీ అక్కడక్కడ వార్తలలో వినవలసి వస్తున్నది. అదే కత్తి, అదే పని. కాని తిరుమలలో అది పుణ్యం, అక్కడ మహాపాపం.

తలనీలాల అంతరార్థం

తలనీలాలు అనే మాటే ఎంత అందమైనదో గమనించండి. నీలం అనగా నల్లనిది. తలపై ఉన్న నల్లని కురులు తలనీలాలు. భక్తుల నోట ఒక కథ కూడా ఉన్నది. పుట్టలో ఉన్న శ్రీనివాసునికి ఆవు పాలు ధారపోస్తుండగా గొల్లవాడు విసరిన గొడ్డలి స్వామి తలకు తగిలి, ఆ చోట జుట్టు లేకుండా పోయినదట. అది చూచి నీలాదేవి అనే గంధర్వకన్య తన కురులలో కొంత తీసి స్వామికి సమర్పించినదట. స్వామి సంతోషించి, ఇకపై భక్తులు ఇచ్చే కేశములు నీ పేరనే చెల్లుతాయని వరం ఇచ్చినాడట. సప్తగిరులలో నీలాద్రి ఆమె పేరే అని చెప్పుకుంటారు. ఈ కథలో ఒక సూక్ష్మం ఉన్నది. నీలాదేవి ఏదో కోరిక తీరినందుకు బదులుగా ఇవ్వలేదు. ఎదుటివాని తలపై గాయం చూచి, తనకున్నది తీసి ఇచ్చినది. తలనీలాలకు మూలం బేరం కాదు, జాలి.

ఇక శాస్త్రదృష్టి. యజమానుడు యజ్ఞదీక్ష తీసికొనే ముందు కేశశ్మశ్రువులను వపనం చేయించుకోవాలని తైత్తిరీయ సంహిత ఆరవ కాండలో విధి ఉన్నది. ఎందుకు? కేశములు ప్రాణం లేని చర్మం వంటివి, యజ్ఞమునకు తగనివి, వాటిని తొలగించుకొని అతడు యజ్ఞమునకు తగినవాడు అవుతాడని అక్కడ వివరణ. అనగా వెంట్రుక హవిస్సు కాదు. దానిని గర్భాలయములో స్వామి ముందు నైవేద్యముగా పెట్టము. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చిన తరువాత స్నానం చేసి, తలకు చందనం పూసికొని, అప్పుడు దర్శనమునకు వెళతాము. మనం అర్పించేది వెంట్రుకను కాదు, వెంట్రుకపై ఉన్న నేను అనే అభిమానమును. పాపములు కేశములను ఆశ్రయించి ఉంటాయని తీర్థసంకల్పములలో చెప్పడములోని తాత్పర్యం కూడా ఇదే.

ఈ విషయములో 2004వ సంవత్సరములో ఒక విచిత్రం జరిగినది. యూదుల సంప్రదాయములో వివాహమైన స్త్రీలు తమ జుట్టు కనపడకుండా కప్పుకుంటారు. కొందరు ఇతరుల జుట్టుతో చేసిన విగ్గు ధరిస్తారు. భారతదేశపు దేవాలయముల జుట్టుతో చేసిన విగ్గులు ధరించవచ్చునా, అది మరొక దేవునికి అర్పించిన వస్తువు కాదా అని వారికి ప్రశ్న వచ్చినది. ధరించరాదని యెరూషలేములోని వారి ధర్మవేత్త ఒకరు తీర్పు చెప్పినారు. కొన్నిచోట్ల వాటిని వీధులలో కాల్చివేసినారు. వారి నిష్ఠ వారిది. దానిని మనం ఆక్షేపింపరాదు. కాని వారి ప్రశ్న మనకు కూడా ఉపకరిస్తుంది. మనం ఇచ్చినది ఏమిటి? తైత్తిరీయశ్రుతి ప్రకారం చూస్తే, వెంట్రుక అక్కడ రాలిపోయినది, అర్పితుడైనవాడు భక్తుడు. రాలిన కేశములను దేవస్థానంవారు పొడవును బట్టి వేరుచేసి వేలం వేస్తారు, ఆ ధనం దేవస్థానం ఆదాయములో చేరుతుంది. అది వ్యవహారం. అందులో భక్తునికి లోపం ఏదీ లేదు.

స్త్రీల విషయం

స్త్రీలు పూర్తిగా తల ఇవ్వవలసిందేనా అని అడుగుతారు. ప్రాయశ్చిత్తములలో కూడా స్త్రీలకు, కన్యలకు కేశములన్నింటినీ ఒక్కటిగా పట్టి కొనలు రెండంగుళములు కత్తిరిస్తే అదే ముండనం అవుతుందని పరాశర స్మృతి చెప్పినది. తిరుమలలో స్త్రీలు ఇచ్చే మూడు కత్తెరలు ఈ పద్ధతికి దగ్గరగా ఉన్నవి. ప్రయాగలో మన దాక్షిణాత్య దంపతులు చేసే వేణీదానం కూడా ఇట్టిదే. భర్త తన చేతులతో భార్యకు జడ వేసి, కొన కత్తిరించి, ఆమెచేత త్రివేణికి సమర్పింపజేస్తాడు. జన్మలో ఒక్కసారి కూడా భార్య జడ ముట్టని పెద్దమనుషులు ఆనాడు సంగమతీరములో ముడులు వేయలేక తికమకపడుతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది! ఇక భక్తిపారవశ్యముతో తల మొత్తం ఇచ్చే తల్లులు అనేకులు. వారికోసం కల్యాణకట్టలో మహిళా క్షురకులు కూడా ఉన్నారు. అది వారి ఇష్టం. ఇష్టం అనే మాటను మరువకండి.

పరాశరుడు మరొక మాట కూడా అన్నాడు. కేశములను నిలుపుకొనదలచినవారు రెట్టింపు వ్రతం చేయాలన్నాడు. అనగా శాస్త్రమునకు వెంట్రుకపై పట్టుదల లేదు, నిష్ఠపై ఉన్నది. అందువలన ఒక మాట స్పష్టముగా మనవి చేస్తాను. మీ కోరిక తీరినందుకు మీ అమ్మాయి జుట్టు ఇస్తానని మొక్కుకొన్నప్పుడు ఆ అమ్మాయిని అడిగినారా? ఊయలలోని శిశువు వేరు. పదిహేనేండ్ల పిల్ల ఏడుస్తుండగా చేయి పట్టి కత్తి ముందు కూర్చొనబెట్టడం భక్తి కాదు. మొక్కినది మీరు, తల ఆమెది. మీ మొక్కును మీ తలతో చెల్లించండి. ఆమె తనంతట తాను ఇస్తానన్ననాడు ఆమెను ఆశీర్వదించండి.

నెరసిన జుట్టు, రంగు

ఇక రంగుల సంగతి. కాళిదాస మహాకవి రఘువంశం పన్నెండవ సర్గలో దశరథుని చెవి దగ్గర నెరసిన వెంట్రుకను వర్ణిస్తూ, వార్ధక్యమే ఆ రూపములో వచ్చి రామునికి రాజ్యం అప్పగించమని చెవిలో చెప్పినట్లున్నదని భావించినాడు. ఒక తెల్లవెంట్రుకకు ఒక సామ్రాజ్యం కదలినది. మనకు తలంతా నెరసినా తాళపుచెవుల గుత్తి కోడలి చేతికి ఇవ్వడానికి మనస్సు రాదు!

అట్లని రంగు వేసికొనడం పాపమని నేను చెప్పను. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధయుక్తి అనే అధ్యాయమును తల నలుపు చేసికొనడంతోనే ఆరంభించినాడు. తల తెల్లనైనవానికి మాలలు, గంధములు, నగలు శోభించవు కనుక ముందు దానిని చక్కదిద్దుకోవాలన్నాడు. పద్ధతి కూడా చెప్పినాడు. ఇనుప పాత్రలో పులిసిన ద్రవములో అరికెల బియ్యమును ఇనుప రజనుతో కలిపి ఉడికించి, మెత్తగా నూరి తలకు పట్టించి, పచ్చి ఆకులతో చుట్టి, రెండు జాములు ఉంచి కడగమన్నాడు. ఆ తరువాత ఉసిరిక ముద్ద పట్టించమన్నాడు. జ్యోతిష్కుడైన ఆ మహానుభావుడు గ్రహచారములతోపాటు ఇది కూడా లోకమునకు అవసరమే అనుకొన్నాడు.

మన ఇండ్లలో గోరింటాకు పొడిని ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టే అలవాటును చూస్తే వరాహమిహిరుడే గుర్తుకు వస్తాడు. గోరింట ఒక్కటే పెడితే ఎర్రని ఛాయ వస్తుంది. ఆ పైన నీలి ఆకు పొడి పెడితే నలుపు వస్తుంది. గుంటగలగరాకును, దీనినే సంస్కృతములో భృంగరాజం అంటారు, నూనెలో కాచి వాడుకొనడం, ఉసిరిక, మందారాకు, కుంకుడుకాయ, సీకాయ మన పెరటి ఔషధములు. అయితే ఒక హెచ్చరిక. నల్లగోరింట అనే పేరుతో సంతలో అమ్మే పొడులలో కొన్నింట పారాఫినైలిన్ డయమిన్ అనే రసాయనం కలుస్తుంది. అది కొందరికి దురదలు, వాపులు, పుండ్లు కలిగిస్తుంది. ఆకుపసరు అయినా, పొడి అయినా ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి చూచి, రెండు రోజుల వరకు బాధ లేకపోతేనే తలకు పెట్టండి. శరీరమే ధర్మమునకు మొదటి సాధనమని మరువరాదు.

గృహస్థునికి అలంకారం నిషిద్ధం కాదు. నలుగురిలో పనిచేసే స్త్రీలు, పురుషులు చక్కగా కనపడాలనుకొనడములో తప్పు లేదు. తప్పు ఎక్కడ ఉన్నదంటే, తలకు పెట్టిన నలుపును మనస్సుకు కూడా పట్టించుకొనడములో ఉన్నది. వయస్సు వచ్చినదన్న ఎరుక లోపల ఉండాలి. అది ఉన్నవానికి గోరింట అలంకారం, అది లేనివానికి అదే ముసుగు. రంగు వేసిన జుట్టు స్వామికి ఇవ్వవచ్చునా అన్న ప్రశ్నకు సమాధానం ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. పండుతల ఇచ్చినా వాటిని తెల్లనీలాలు అని ఎవరూ అనరు, తలనీలాలే అంటారు. స్వామి నలుపును, తెలుపును చూడడు. వచ్చినవానిని చూస్తాడు.

రోగికి ఇచ్చిన జడ

చివరగా ఆ తల్లి అడిగిన ప్రశ్న. ఆమె కుమార్తె తన పొడవైన జడను కాన్సరు రోగుల విగ్గుల కోసం ఇస్తానంటున్నది.

కాన్సరునకు ఇచ్చే మందులలో చాలా వరకు శరీరములో వేగముగా పెరిగే కణములను నాశనం చేస్తాయి. వెంట్రుకల మూలములోని కణములు కూడా వేగముగా పెరిగేవే కనుక అవి కూడా దెబ్బతింటాయి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. చికిత్స ముగిసిన తరువాత సాధారణముగా తిరిగి వస్తుంది. కాని ఆ మధ్యకాలములో ఆ స్త్రీ అద్దం చూడలేదు, పేరంటమునకు వెళ్ళలేదు. చిన్నపిల్ల అయితే బడికి వెళ్ళలేదు. ఇందాక చెప్పినాను, తాను ఇస్తే అర్పణం, లాగుకొంటే వధ అని. వారి జుట్టును వారు ఇవ్వలేదు. వ్యాధి లాగుకొన్నది. ఒకరి నుండి వ్యాధి లాగుకొన్నదానిని మరొకరు తమంతట తాము ఇచ్చి పూరించడం కంటె కేశములకు సార్థకత ఏమున్నది? నీలాదేవి చేసినది కూడా ఇదే కదా! గాయపడిన తలను చూచి తన కురులు తీసి ఇచ్చినది.

తిరిగి ఉపకారం చేయలేనివానికి, తగిన దేశకాలములలో, పాత్రత చూచి ఇచ్చేది సాత్త్విక దానమని గీతాచార్యుడు పదునేడవ అధ్యాయములో నిర్ణయించినాడు. ఎవరి తలపైకి చేరుతుందో తెలియని జడను ఇచ్చిన అమ్మాయికి ప్రత్యుపకారం ఎవరు చేస్తారు? ఆ దానం సాత్త్వికమే.

అయితే మొక్కు మాటేమిటి? మొక్కు ఎగవేయమని నేను చెప్పను. ఇచ్చిన మాట నిలుపుకొనాలి. మొక్కు తల్లిది అయితే తల్లి తలనీలాలు ఇవ్వవచ్చు. మొక్కు అమ్మాయి స్వయముగా మొక్కినది, మూడు కత్తెరలే మొక్కినది అయితే కొండకు వెళ్ళి ఆ మూడు కత్తెరలు స్వామికి ఇచ్చి, మిగిలిన జడను రోగులకు ఇవ్వవచ్చు. పూర్తిగా తల ఇస్తానని ఆమెయే సంకల్పించి ఉంటే ముందు స్వామి ఋణం తీర్చాలి. జుట్టు నెలకు ఇంచుమించు అర అంగుళం పెరుగుతుంది. రెండేండ్లలో అడుగు జడ తిరిగి వస్తుంది. అప్పుడు రోగికి ఇవ్వవచ్చు. భూమిలో పంట తీసిన తరువాత మరొక పంట వేసినట్లు, ఒక తల రెండు పుణ్యములు పండిస్తుంది.

దానం చేసేవారు కొన్ని నియమములు తెలుసుకొనాలి. తీసికొనే సంస్థలు సాధారణముగా అడుగు, అంతకు మించిన పొడవు కోరుతాయి. తలస్నానం చేసి, పూర్తిగా ఆరిన తరువాత, జడగానో కుచ్చుగానో గట్టిగా కట్టి, కట్టుకు పైభాగమున కత్తిరించాలి. తడి జుట్టు బూజు పడుతుంది. రాలిన వెంట్రుకలు పోగుచేసి ఇస్తే పనికిరావు. రంగు వేసిన జుట్టును చాలా సంస్థలు తీసికొనవు. కనుక దానం చేయదలచిన కన్యలు అంతవరకు రంగుల జోలికి పోకుండా ఉండడం మంచిది. అదే వారికి కేశవ్రతం. ఇచ్చే ముందు ఆ సంస్థ దానిని రోగులకు ఉచితముగా చేరుస్తున్నదా, అమ్ముకొంటున్నదా అని విచారించడం పాత్రత చూడడములో భాగం.

మా స్వామి వడ్డికాసులవాడు, మొక్కు ఒక్కరోజు ఆలస్యమైతే వడ్డీ వసూలు చేస్తాడు అని భయపడేవారికి ఒక్క మాట. కుబేరునికి అప్పు పడినది స్వామి, మీరు కాదు. ఆయనను ఆపదమొక్కులవాడు అంటాము. ఆపదలో ఆదుకొనేవాడు అని దానికి అర్థం, ఆపద తెచ్చిపెట్టేవాడు అని కాదు. రోగి తలను కప్పిన జడను చూచి ఆయన కోపగిస్తాడా? ఒకనాడు తన తలను కప్పిన నీలాదేవిని ఆయన మరచిపోలేదు కదా!

కనుక భగవద్బంధువులారా, కేశములను శ్రద్ధగా పెంచుకొనండి, శుభ్రముగా ఉంచుకొనండి, ఇష్టమైతే అలంకరించుకొనండి, ఇవ్వవలసిన వేళ సంతోషముగా ఇవ్వండి. ఇతరుల తలపై మాత్రం మీ కోరికల కత్తి పెట్టకండి. ఇంటికి వెళ్ళిన తరువాత ఆ అమ్మాయిని దగ్గర కూర్చొనబెట్టుకొని, తలకు నూనె పెడుతూ, "నీకేమి ఇష్టం తల్లీ?" అని అడగండి. ఆమె చెప్పేది శాంతముగా వినండి. ఆ తరువాతనే కొండకు ప్రయాణం పెట్టుకొనండి.

శ్రీ వేంకటేశ్వరుని అనుగ్రహముతో వ్యాధిగ్రస్తులందరికీ ఆరోగ్యమూ, మన ఇండ్లలోని ఆడపిల్లలందరికీ దీర్ఘాయువూ, సౌభాగ్యమూ కలుగుగాక.

శుభం భూయాత్. స్వస్తి.